ఒక్క హామీ కోసం: లేబర్ ప్రభుత్వం గురించి లెస్టర్ నుంచి

బ్రిటన్‌లో లేబర్ పార్టీ 14 ఏళ్ల తర్వాత 2024 జులైలో అధికారంలోకి వచ్చింది. ఏడాది తిరగకముందే కీర్ స్టార్మర్ ప్రభుత్వం మీద జనంలో విసుగు పేరుకుపోయింది. దాని గురించి రాసేవాళ్లు సాధారణంగా దాన్ని రెండుగా విడదీస్తుంటారు. గాజా, విదేశీ సాయం, అమెరికా పట్ల వైఖరి ఒకవైపు. వృద్ధులకూ వికలాంగులకూ ఇచ్చే డబ్బులో కోతలు మరొకవైపు. నాకు మాత్రం ఇవన్నీ ఒకే చిట్టాలోని పద్దులుగా కనిపిస్తున్నాయి. ఆ చిట్టా మొదలైంది ఎన్నికల ముందు చేసిన ఒక హామీ దగ్గర.

ముందుగా ఆ గెలుపు ఎలాంటిదో చెప్పుకోవాలి. లేబర్‌కు 411 సీట్లు వచ్చాయి గానీ ఓట్లు 33.7 శాతమే. దేశమంతా ఆ పార్టీ ఊడ్చేసిన రాత్రి మా లెస్టర్ నగరంలో మాత్రం ఉన్న మూడు సీట్లలో రెండు పోగొట్టుకుంది. లెస్టర్ ఈస్ట్‌లో పాత లేబర్ ఎంపీలు ఇద్దరు విడివిడిగా పోటీ చేసి ఓట్లు చీల్చడంతో కన్సర్వేటివ్ అభ్యర్థి శివానీ రాజా గెలిచారు. ఆ ఎన్నికల్లో కన్సర్వేటివ్‌లు కొత్తగా గెలుచుకున్న సీటు దేశం మొత్తం మీద అదొక్కటే. లెస్టర్ సౌత్‌లో మంత్రి కావడం ఖాయమనుకున్న జొనాథన్ ఆష్‌వర్త్, గాజా విషయంలో లేబర్ వైఖరిని నిలదీస్తూ స్వతంత్రుడిగా నిలబడ్డ షాకత్ ఆడమ్ చేతిలో 979 ఓట్ల తేడాతో ఓడిపోయారు. కామన్వెల్త్ దేశాల పౌరులుగా ఇక్కడ నివసించే మనవాళ్లకు, చేతిలో భారతీయ పాస్‌పోర్టే ఉన్నా, పార్లమెంటు ఎన్నికల్లో ఓటుంది. మొదటి ఏడాది చాలామందికి ఆ సంగతే తెలియదు. నేను ఓటు వేశాను. కనుక ఇది దూరం నుంచి చేస్తున్న విమర్శ కాదు.

ఇక హామీ సంగతి. ఆదాయపు పన్ను, నేషనల్ ఇన్సూరెన్స్ (సామాజిక భద్రత పేరిట జీతాల మీద వసూలు చేసేది), వ్యాట్ ఈ మూడింటినీ శ్రమజీవుల మీద పెంచబోమని లేబర్ మ్యానిఫెస్టో చెప్పింది. ఖజానాకు వచ్చే రాబడిలో సగానికి పైగా ఈ మూడు పన్నుల నుంచే వస్తుంది. అంతకుముందే కన్సర్వేటివ్ ఆర్థికమంత్రి జెరెమీ హంట్ ఉద్యోగుల నేషనల్ ఇన్సూరెన్స్‌ను రెండు విడతల్లో 12 నుంచి 8 శాతానికి తగ్గించి వెళ్లారు. ఎన్నికల ముంగిట అది భరించలేని తగ్గింపని అనే ధైర్యం లేబర్ చేయలేదు. దీనికి తోడు రోజువారీ ఖర్చులకు అప్పు చేయకూడదని ఆర్థికమంత్రి రేచల్ రీవ్స్ తనకు తానే నియమం పెట్టుకున్నారు. శ్రమజీవుల మీద ఆ పన్నులు పెంచరు, రోజువారీ ఖర్చుకు అప్పు చేయరు. మిగిలింది కోత ఒక్కటే. ఎవరికి కోయాలన్నదే ఆ తర్వాతి కథంతా.

మొదటి వంతు వృద్ధులది. ఖజానాలో 2,200 కోట్ల పౌండ్ల లోటు బయటపడిందంటూ జులై 29న రీవ్స్, చలికాలంలో ఇంటి వేడి ఖర్చు కోసం పింఛనుదారులకు ఏటా ఇచ్చే 200 నుంచి 300 పౌండ్లను పెన్షన్ క్రెడిట్ అనే అదనపు సాయం తీసుకునే నిరుపేదలకే పరిమితం చేశారు. మ్యానిఫెస్టోలో ఈ ముక్క లేదు. 1997లో ఈ చెల్లింపును మొదలుపెట్టింది కూడా లేబర్ ఆర్థికమంత్రి గోర్డన్ బ్రౌనే. సంపన్న వృద్ధులకు ఈ డబ్బు ఎందుకన్న ప్రశ్న న్యాయమైనదేనని నేను ఒప్పుకుంటాను. కానీ గీత ఎక్కడ గీశారో చూడండి. ఒంటరి వ్యక్తికి పెన్షన్ క్రెడిట్ పరిమితి అప్పట్లో వారానికి 218.15 పౌండ్లు, కొత్త ప్రభుత్వ పింఛను పూర్తిగా వచ్చేవారికి అందేది 221.20 పౌండ్లు. అంటే వేరే ఏ ఆదాయమూ లేకుండా కేవలం ఆ పింఛను మీద బతికే మనిషి కూడా మూడు పౌండ్ల తేడాతో అర్హత కోల్పోయాడు. అర్హత ఉన్నవాళ్లు దరఖాస్తు చేద్దామంటే ఫారంలో రెండు వందలకు పైగా ప్రశ్నలు. మా వీధిలోనే ఒక పెద్దావిడ, జీవితమంతా హోజరీ మిల్లులో పనిచేసిన మనిషి, ఆ ఫారం సగం నింపి పక్కన పడేశారు. నా ఆదాయం గురించి ఇన్నిసార్లు సంజాయిషీ చెప్పుకోవడానికి నేనేం తప్పు చేశానన్నారు. ఈ కోతతో మొదటి ఏడాది ప్రభుత్వం ఆశించిన ఆదా 140 కోట్ల పౌండ్లు. దీన్ని ఆపాలన్న తీర్మానాన్ని సెప్టెంబరు 10న హౌస్ ఆఫ్ కామన్స్ 348–228 ఓట్లతో తిరస్కరించింది. ప్రతిపక్షంలో ఉండగా స్టార్మర్ ఒక సంపన్న దాత నుంచి 16 వేల పౌండ్లకు పైగా విలువైన దుస్తులను కానుకగా పుచ్చుకున్నారన్న వార్త ఆ నెలలోనే జనం నోళ్లలో నానింది. నియమాల ప్రకారం అందులో నేరమేమీ లేకపోవచ్చు. చలికోటు గురించి ఆలోచిస్తున్న వాళ్లకు నియమాలు గుర్తుకురావు.

రెండో వంతు సముద్రాల అవతలి వాళ్లది. 2025 ఫిబ్రవరి 25న స్టార్మర్, రక్షణ వ్యయాన్ని 2027 నాటికి జీడీపీలో 2.5 శాతానికి పెంచుతామనీ, అందుకయ్యే డబ్బును విదేశీ సాయం నుంచి తీస్తామనీ ప్రకటించారు. జాతీయాదాయంలో 0.5 శాతంగా ఉన్న సాయం 0.3కి పడిపోతుంది, ఏడాదికి సుమారు 600 కోట్ల పౌండ్లు. పరిస్థితులు అనుకూలించగానే 0.7 శాతానికి తిరిగి తీసుకెళ్తామని మ్యానిఫెస్టోలో రాసుకున్న పార్టీ చేసిన పని ఇది. ప్రకటన వచ్చిన రెండు రోజులకు ఆయన వైట్‌హౌస్‌లో ట్రంప్ పక్కన కూర్చుని ఉన్నారు. అదే నెల మొదట్లో అమెరికా తన సాయం సంస్థను కూల్చేయడం పెద్ద వ్యూహాత్మక తప్పిదమని హెచ్చరించింది ఈ ప్రభుత్వపు అప్పటి విదేశాంగమంత్రి డేవిడ్ లామీయే కావడం మరో విశేషం. అభివృద్ధి శాఖ చూసే మంత్రి అనలీస్ డాడ్స్, ప్రధాని వాషింగ్టన్ ప్రయాణం ముగిసేదాకా ఆగి, 28న రాజీనామా చేశారు. రక్షణ వ్యయం పెరగాలన్న మాటను ఆమె కాదనలేదు. పన్నుల విధానాన్నీ ఆర్థిక నియమాలనూ కలిసి చర్చిస్తామని అనుకున్నానని మాత్రం లేఖలో రాశారు. నా వాదన కూడా అదే. ఆ మరుసటి నెలలోనే జర్మనీ రక్షణ ఖర్చు కోసం ఏకంగా రాజ్యాంగంలోని అప్పు పరిమితినే సడలించుకుంది. అంటే దారులు లేక కాదు, ఒక్క హామీ చుట్టూ గోడ కట్టుకోవడం వల్ల ఈ దారి పట్టారు.

ఈ సాయం అంటే ఏమిటో అనంతపురం, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల పల్లెల్లో నలభై దాటిన వాళ్లకు కొంత తెలిసి ఉంటుంది. 1997లో లేబర్ ప్రభుత్వం ఏర్పాటుచేసిన అంతర్జాతీయాభివృద్ధి శాఖ, డీఎఫ్ఐడీ, డబ్బుతోనే ఆ అయిదు కరువు జిల్లాల్లో గ్రామీణ జీవనోపాధుల పథకం నడిచింది. వాటర్‌షెడ్ పనులకు పొదుపు సంఘాలనూ కూలీల బతుకుదెరువునూ జతచేసిన పథకమది. ఆ సాయమంతా అమృతమని నేననను. అదే శాఖ డబ్బు ప్రభుత్వరంగ సంస్థలను ఎలా అమ్మాలో, మూయాలో చెప్పే సలహాదారుల ఫీజులకూ పోయింది. భారత్‌కు ఆ తరహా ఆర్థిక సాయం 2015తో ముగిసింది, ముగియడమూ సబబే. అయితే ఇప్పుడు కోసేది మనలాగా సొంత కాళ్ల మీద నిలబడ్డ దేశాలకు కాదు. పైగా మిగిలిన సాయంలోనూ పెద్ద భాగం దేశం దాటడమే లేదు: 2023లో మొత్తం సాయంలో నాలుగో వంతుకు పైగా, సుమారు 430 కోట్ల పౌండ్లు, శరణార్థులకు బ్రిటన్‌లోనే వసతి కల్పించడానికి ఖర్చయింది.

గాజా విషయంలోనూ ఇదే సగం సగం లెక్క. 2024 సెప్టెంబరులో ఇజ్రాయెల్‌కు ఉన్న సుమారు 350 ఆయుధ ఎగుమతి లైసెన్సుల్లో 30 దాకా నిలిపివేశారు. అంతర్జాతీయ మానవతా చట్టాల ఉల్లంఘనకు వాడే ప్రమాదం ఉందని తామే చెబుతూ, ఎఫ్-35 విమానాల విడిభాగాల ఉమ్మడి సరఫరాకు మినహాయింపు ఇచ్చారు. పాలస్తీనాను దేశంగా గుర్తించడానికి 2025 సెప్టెంబరు 21 దాకా పట్టింది. లెస్టర్ సౌత్ ఓటరు ఆ పని ఏడాది ముందే కోరాడు. దీనికి భిన్నంగా, హిందూ మహాసముద్రంలోని చాగోస్ దీవులను మారిషస్‌కు అప్పగిస్తూ అక్కడి డియెగో గార్సియా సైనిక స్థావరానికి ఏటా సగటున 10.1 కోట్ల పౌండ్ల అద్దె చెల్లించే ఒప్పందం మీద చెలరేగిన కోపం నాకు అతిగానే అనిపిస్తుంది; అంతర్జాతీయ న్యాయస్థానం 2019లోనే ఆ దీవుల విషయంలో బ్రిటన్‌ది తప్పని అభిప్రాయం చెప్పింది. కానీ ముసలివాళ్ల 200 పౌండ్లు కోసిన చేత్తోనే అద్దె కడుతున్నారని ప్రత్యర్థులు అన్నప్పుడు, జవాబు చెప్పుకోలేని స్థితిని ప్రభుత్వమే తెచ్చుకుంది.

మూడో వంతు వికలాంగులది. వాళ్ల భృతిలో 2025 మార్చిలో ప్రకటించిన కోతతో ఏటా 500 కోట్ల పౌండ్లు మిగుల్తాయన్నారు. సొంత పార్టీలోనే 120 మందికి పైగా ఎంపీలు అడ్డం తిరగడంతో, జులై 1న ఓటింగుకు కొద్దిసేపటి ముందు సభలోనే అసలు నిబంధనను ఉపసంహరించుకున్నారు. అప్పటికే మే నెల స్థానిక ఎన్నికల్లో నైజెల్ ఫరాజ్ మితవాద పార్టీ రిఫార్మ్ 677 సీట్లు గెలిచి, మా పక్కనున్న లెస్టర్‌షైర్ కౌంటీలోనూ అతి పెద్ద పార్టీ అయింది. జూన్‌లో చలికాలపు చెల్లింపును 35 వేల పౌండ్ల లోపు ఆదాయం ఉన్న పింఛనుదారులందరికీ పునరుద్ధరించారు. దాంతో ఆదా 140 కోట్ల నుంచి 45 కోట్లకు పడిపోయింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నారు.

చివరికి ఆ హామీ అయినా నిలిచిందా? 2025 నవంబరు 26 బడ్జెట్‌లో జీతాల మీద పన్ను రేట్లు ముట్టుకోలేదు గానీ, ఆదాయపు పన్ను పరిమితులను పెంచకుండా ఆపి ఉంచే గడువును 2031 దాకా పొడిగించారు. జీతం పెరిగిన ప్రతి ఏడూ ఎక్కువ పన్ను కట్టేది ఆ శ్రమజీవులే. పొడిగిస్తే వాళ్లకే నష్టమని ఏడాది ముందు బడ్జెట్‌లో చెప్పింది రీవ్సే. ఇద్దరు పిల్లలకు మించి సాయం లేదన్న పరిమితిని కూడా అదే రోజు ఎత్తేశారు. 2024 జులైలో అదే కోరుతూ ఓటేసినందుకు ఏడుగురు లేబర్ ఎంపీలను పార్టీ సస్పెండ్ చేసింది. వృద్ధులది చాలావరకు తిరిగొచ్చింది, వికలాంగులది కొంత ఆగింది, పిల్లలది వస్తోంది. ఇక్కడ ఓటు లేనివాళ్లకు వెళ్లే 0.2 శాతం గురించి మాత్రం ఆ బడ్జెట్ ఏ సవరణా చేయలేదు. 2027 నాటికి ఆ కోత పూర్తిగా అమల్లోకి వస్తుంది.