సంగమేశ్వరం రేవులో ఒక రాత్రి

కార్తీక మాసంలో సంగమేశ్వరం వెళ్లేవారికి పాత గుడి కనిపించదు. శ్రీశైలం జలాశయం పూర్తి మట్టం 885 అడుగులు; వేసవిలో నీరు సుమారు 840 అడుగులకు దిగినప్పుడే ఆ గుడీ, అందులోని వేపదారు లింగమూ బయటపడతాయి. నందికొట్కూరు మీదుగా వచ్చిన మేము ఒడ్డుపైని గుడిలో దర్శనం చేసుకుని, జాలర్ల పాకల పక్కన బస చేశాము.

భోజనాల వేళ ఒక జాలరికి ఫోను వచ్చింది. సోమశిల నుంచి వస్తున్న మరబోటు ఇంజను నడినీటిలో ఆగిపోయిందని, అందులో పిల్లలు కూడా ఉన్నారని తెలియగానే, అన్నం ముందున్నవారు చేతులు కడుక్కుని లేచారు. ఇందుకు వారికి జీతం లేదు, ఆజ్ఞ లేదు. 2007 జనవరిలో ఇవే వెనుక జలాల్లో నెహ్రూనగర్, మంచాలకట్టల మధ్య పడవ మునిగి పదుల సంఖ్యలో జనం చనిపోయిన సంగతి ఆ ఒడ్డున అందరికీ గుర్తుంది. టార్చి పట్టే మనిషి కావాలంటే నేనూ ఎక్కాను.

అడుగున ముంపు ఊళ్ల గోడలు, చెట్ల మోడులు ఉంటాయి కనుక తొందర ఉన్నా పడవను నిదానంగానే నడిపారు. దీపం కనబడగానే పెద్దాయన గట్టిగా కేకేశాడు: "ఎవరూ లేయొద్దప్పా, అట్లే కూకోండి!" సాయం వచ్చిందన్న ఆత్రంతో అందరూ ఒక పక్కకు ఒరిగితే, అంతసేపూ తేలుతున్న పడవ ఆ క్షణంలో తిరగబడుతుందట. గాలికి ఎదురుగా ముక్కు తిప్పి, కొంత ఎడం ఉంచి, ఖాళీ క్యాను కట్టిన సన్నతాడు విసిరారు. దాని వెంట మోకు పంపి ముక్కుకు కట్టించారు. ఉన్న కొద్ది లైఫ్ జాకెట్లు పిల్లలకే ఇచ్చారు. ఇంతటి పనితనం ఉన్నవారికి ఒక మంచి సర్చ్‌లైటు, చాలినన్ని జాకెట్లు సమకూర్చడం ప్రభుత్వానికి భారం కాదని నా గట్టి నమ్మకం.

మోకు ఒక్కసారిగా బిగిస్తే తెగుతుందని, మెల్లగా సడలు తీస్తూ లాక్కొచ్చారు. ఒడ్డున పిల్లలను దించాక వెనుక భాగం ఎత్తి చూస్తే, ఎవరో వదిలేసిన నైలాను వల పంకాకు చుట్టుకుని, ఇరుసు మీద కరిగి గట్టిపడి ఉంది. పెద్దాయన దానిని కత్తితో పోగుపోగుగా కోసి తీశాడు. ఇంజను మళ్లీ పలికినా, తెల్లవారేదాకా ఆ పడవను రేవు దాటనివ్వలేదు.