ఫోటాన్ దగ్గర చిల్లర ఉండదు

ఇంటర్ ఫిజిక్స్ పుస్తకాల్లో ఫోటాన్ (కాంతి శక్తిలో విడగొట్టలేని ఒక్కో మోతాదు) అనగానే ఒక మెలికల బాణం గీస్తారు. ఆ బొమ్మ చూసిన పిల్లలు అడిగే మొదటి ప్రశ్న "సార్, దీని సైజెంత?" అని. తప్పు పిల్లలది కాదు, బొమ్మది. ఫోటాన్‌ని ఎగురుకుంటూ వచ్చే చిన్న గోళీ అనుకున్నంతకాలం ఒక్క లెక్కా కుదరదు.

దాన్ని నోటు అనుకుంటే దారి దొరుకుతుంది. కాంతి పదార్థానికి శక్తి ఇచ్చేటప్పుడు ఒక్కో రంగుకి ఒక్కో విలువ నోటు చెల్లిస్తుంది. ఆ విలువ ప్లాంక్ స్థిరాంకం అనే మారని సంఖ్యని కాంతి పౌనఃపున్యంతో గుణిస్తే వస్తుంది. చేతిలెక్కకి ఇంకా సులువు: 1240ని నానోమీటర్లలోని తరంగదైర్ఘ్యంతో భాగిస్తే ఎలక్ట్రాన్ వోల్టుల్లో (అతి చిన్న శక్తుల్ని కొలిచే ప్రమాణం) జవాబు. 630 నానోమీటర్ల ఎరుపుకి 1.97, 525 ఆకుపచ్చకి 2.36, 470 నీలానికి 2.64. నోటుని చించి సగం ఇవ్వడం కుదరదు. విశాఖ పూర్ణా మార్కెట్‌లో చిల్లర లేకపోయినా బేరం ఎలాగోలా తెగుతుంది. ఇక్కడ తెగదు.

మరి దారిలో ఉన్నప్పుడు? విశాఖలో డాల్ఫిన్స్ నోస్ కొండ మీది లైట్‌హౌస్ వెలుగు సముద్రం మీద పరుచుకుంటూ పోతుంది. దూరం రెట్టింపైతే తీవ్రత నాలుగో వంతవుతుంది. అది అల లెక్క. చివరికి పడవలో ఉన్న మత్స్యకారుడి కంటిలో మాత్రం కాంతిని పట్టే ఒక రెటినాల్ అణువు ఒక పూర్తి నోటు పుచ్చుకుని వంపు మార్చుకుంటుంది. పక్క అణువుకి ఏమీ అందదు. అల ఎంత పలచబడినా నోటు విలువ తగ్గదు, నోట్లు అరుదవుతాయి అంతే. ఎక్కడ పడే అవకాశం ఎంతో చెప్పేది అల, పడినప్పుడు ఎంత చెల్లుతుందో చెప్పేది ఫోటాన్. "కణమా, తరంగమా?" అనే డిబేట్ పోటీ ప్రశ్నకి ఇంతకంటే పొడుగు జవాబు అనవసరం.

దీన్ని కొద్దిపాటి సరుకుతో ఇంట్లోనే చూడొచ్చు. గాజులా పారదర్శకంగా ఉండే 5 మిల్లీమీటర్ల ఎల్‌ఈడీలు కావాలి: ఎరుపు (630), పసుపు (590), ఆకుపచ్చ (525), నీలం (470). రంగు గుండు ఉన్నవి వద్దు, ఎందుకంటే ఎర్రటి ప్లాస్టిక్ ఆకుపచ్చ కాంతిని లోపలికి రానివ్వదు. వాటితోపాటు 9 వోల్టుల బ్యాటరీ, 470 ఓముల రెసిస్టర్, 680 కిలో ఓముల రెసిస్టర్ (నీలం, బూడిద, పసుపు పట్టీలు), నల్ల చార్టు కాగితం, డిజిటల్ మల్టీమీటర్.

ఆకుపచ్చ ఎల్‌ఈడీని 470 ఓములతో బ్యాటరీకి కలపండి. ఎరుపు ఎల్‌ఈడీకి బ్యాటరీ ఇవ్వకుండా కాళ్లకి మల్టీమీటర్ పెట్టి 2 వోల్టుల రేంజిలో ఉంచండి. రెండింటినీ ఎదురెదురుగా నల్ల కాగితపు గొట్టంలో దూర్చండి. మీటరు స్పష్టంగా కదులుతుంది: వెలిగే వస్తువే ఇప్పుడు కాంతిని పుచ్చుకుంటోంది. ఇప్పుడు తిరగేయండి. ఎరుపు వెలగాలి, ఆకుపచ్చకి మీటరు. రీడింగ్ సున్నా దగ్గరే ఉండిపోతుంది. పక్కన ఇంకో రెండు ఎర్రవి వెలిగించినా అంతే. ఆకుపచ్చ చిప్‌లో ఎలక్ట్రాన్‌ని పైమెట్టుకి ఎక్కించడానికి దాదాపు 2.36 ఖర్చు, 1.97 నోట్లు ఎన్ని గుట్టపోసినా చెల్లవు. ఫొటో స్టూడియోల డార్క్‌రూముల్లో ఎర్ర బల్బు వెలిగించుకుని బ్రోమైడ్ కాగితం కడిగేవాళ్లు కదా, ఆ ధీమా కూడా ఇదే. తిరగేసినప్పుడు కూడా కొంత రీడింగ్ వస్తోందంటే గొట్టంలోకి గది వెలుతురు దూరుతోందని అర్థం.

ఇక ప్లాంక్ స్థిరాంకం కొలుద్దాం. ఎల్‌ఈడీ మీద పడే వోల్టేజి దాని నోటు విలువతోపాటే పెరుగుతుంది, ఆ తేడా నుంచే లెక్క. ఈసారి 680 కిలో ఓముల రెసిస్టర్‌తో ఒక్కో ఎల్‌ఈడీనీ బ్యాటరీకి కలిపి, ఎల్‌ఈడీ కాళ్ల మధ్య వోల్టేజి రాసుకోండి. ఏ రంగుకైనా కరెంటు సుమారు 10 మైక్రో ఆంపియర్లే ఉంటుంది, పొటెన్షియోమీటర్‌తో కుస్తీ అక్కర్లేదు. ఉదాహరణకి ఎరుపుకి 1.6, నీలానికి 2.3 వోల్టులు వచ్చాయనుకుందాం. తేడా 0.7. పౌనఃపున్యాల తేడా 1.62 × 10¹⁴ హెర్ట్జ్. 0.7ని ఎలక్ట్రాన్ ఆవేశం 1.602 × 10⁻¹⁹తో గుణించి దాంతో భాగిస్తే 6.9 × 10⁻³⁴. అసలు విలువ 6.626. నాలుగైదు శాతం తప్పు, ఇంత సరుక్కి అది గౌరవమైన ఫలితమే. వీలైతే నాలుగు రంగుల్నీ గ్రాఫులో పెట్టి గీత వాలు తీసుకోండి. ఒక్క రంగు వోల్టేజి తీసుకుని నేరుగా భాగించడం మాత్రం వద్దు. చిప్ లోపలి నష్టాలు, ఉష్ణశక్తి అన్నీ ఆ అంకెలో కలిసే ఉంటాయి. తేడా తీసుకుంటే అన్ని రంగులకీ ఉమ్మడిగా ఉన్న భాగం కొట్టుకుపోతుంది.

చాలా ల్యాబ్ మాన్యువళ్లలో "ఎల్‌ఈడీ అప్పుడే వెలగడం మొదలైన వోల్టేజి" రాయమంటారు. అది నాసిరకం పద్ధతి. చీకట్లో కన్ను ఆకుపచ్చని ముందు పట్టేస్తుంది, ఎరుపుని ఆలస్యంగా గుర్తిస్తుంది, దాంతో గీత వంకరపోతుంది. 20 మిల్లీ ఆంపియర్ల దగ్గర కొలిచినా తప్పే, ఎల్‌ఈడీ సొంత నిరోధం మీద పడే వోల్టేజి కలిసిపోతుంది. తెల్ల కాంతి ఇచ్చే ఎల్‌ఈడీ వాడకండి. లోపల ఉన్నది నీలం చిప్, పైన పసుపు ఫాస్ఫర్ పూత. కొలిచేటప్పుడు ఎల్‌ఈడీ మీద నల్ల కాగితం కప్పాలి, లేకపోతే కిటికీ వెలుతురే లోపల కరెంటు పుట్టించి అంకె మార్చేస్తుంది. వేడి ఒక డిగ్రీ పెరిగితే వోల్టేజి సుమారు 2 మిల్లీవోల్టులు తగ్గుతుంది కాబట్టి అన్నీ ఒకే గదిలో, ఒకే పూట కొలవండి. మన విశాఖలో ఇంకో బాధ, ఉప్పుగాలి. బీచ్ రోడ్డు పక్క ఇళ్లలో పాత బ్రెడ్‌బోర్డు చిలుం పట్టి రీడింగ్ గెంతుతుంటే కాళ్లు నేరుగా సోల్డర్ చేసెయ్యండి.

చిల్లర లేదన్నాం కదా, మరి రామన్ ఫలితం సంగతి? 435.8 నానోమీటర్ల పాదరస దీపపు నీలి కాంతి బెంజీన్‌లోకి పోయి, కొంత 455.5గా బయటికొస్తుంది. 2.845 నోటు పోయి 2.722 నోటు వచ్చింది, 0.123 అణువు కంపనంలోకి చేరింది. పాత ఫోటాన్ తరగలేదు. అది పోయి వేరే ఫోటాన్ పుట్టింది. 1928లో దీన్ని కనుక్కున్న రామన్ బడి చదువు విశాఖలోనే. 1931లో ఆయనా, తర్వాత మన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆచార్యుడైన సూరి భగవంతమూ కలిసి, చెదిరిన కాంతి ధ్రువణాన్ని (అల కంపించే తీరుని) కొలిచి ఫోటాన్‌కి స్పిన్ (గిరగిర తిరిగేవాటికి ఉండేలాంటి ధర్మం) ఉందని సాక్ష్యం చూపారు. ఆ స్పిన్‌కి రెండే దిశలు, ప్లస్ ఒకటి, మైనస్ ఒకటి. మధ్యలో సున్నా లేదు. కుడి, ఎడమ వృత్తాకార ధ్రువణాలంటే ఇవే.

చివరగా ఒక జాగ్రత్త. లేజర్ పాయింటర్ ముందు నల్ల ఫిల్టర్లు పేర్చి "ఒక్కో ఫోటాన్ వస్తోంది" అని చూపించే వీడియోలు తిరుగుతున్నాయి. పల్సుకి (ఒక్కో కాంతి మెరుపుకి) సగటున 0.1 ఫోటాన్ దాకా తగ్గించినా, ఖాళీ కాని పల్సుల్లో దాదాపు 5 శాతంలో రెండో అంతకంటే ఎక్కువో ఉంటాయి. సగటు తగ్గింది గానీ అప్పుడప్పుడూ యాదృచ్ఛికంగా రెండు కలిసి పడటం పోలేదు. నిజమైన ఒంటరి ఫోటాన్ పరీక్ష వేరు: సగం అద్దం (సగం కాంతిని దాటనిచ్చి, సగాన్ని తిప్పికొట్టేది) పెట్టి, రెండు వైపులా రెండు డిటెక్టర్లు ఉంచాలి. అవి రెండూ ఒకేసారి మోగడం, యాదృచ్ఛికంగా కలిసి మోగే లెక్కకన్నా బాగా తక్కువ కావాలి. 1977లో కింబుల్, డాగెనై, మాండెల్ సోడియం పరమాణువుల కాంతితో ఈ దారి చూపారు. 1986లో గ్రాంజియే, రోజర్, ఆస్పే కాల్షియం పరమాణువులతో తేల్చారు. వీడియోలో రెండో డిటెక్టర్ కనపడకపోతే, అక్కడున్నది మసక లేజర్.