నెమ్మదిగా నడిచే మనిషే ముందు

స్నేహితులతో కలిసి కొండ ఎక్కితే మనసుకు ఏం దక్కుతుందని అడిగితే చాలామంది శిఖరం గురించే చెబుతారు. మా మాట వేరు. దక్కేదంతా దారిలోనే దక్కుతుంది, అదీ జట్టు చెదరకుండా నడిస్తేనే. ఒకరికొకరు కనబడనంత దూరంలో నడిచిన నలుగురు కొండ ఎక్కి ఉండొచ్చు, కలిసి మాత్రం ఎక్కలేదు.

అందుకే మొదటి నియమం ఇది: అందరిలోకీ నెమ్మదిగా నడిచే మనిషి ముందుండాలి. దారి తికమకగా ఉన్నచోట మాత్రం దారి తెలిసినవారు ముందు, ఈ మనిషి రెండో స్థానం. అందరికన్నా ఓపిక ఉన్నవారు చివర. ఆ చివరి మనిషి వెనక ఇంకెవరూ ఉండకూడదు. వేగం సరిపోయిందో లేదో తెలుసుకోవడానికి గడియారం అక్కర్లేదు. ఆయాసపడకుండా ఒక పూర్తి వాక్యం మాట్లాడగలిగితే సరైన వేగమే. రెండు మాటలకోసారి ఊపిరి తెగుతుంటే తగ్గించాలి.

దీన్ని పాటించని జట్లలో జరిగేది ఎప్పుడూ ఒకటే. ముందున్న ఇద్దరు చకచకా ఎక్కి బండ మీద కూర్చుని పది నిమిషాలు సేద తీరుతారు. వెనకవాళ్లు రొప్పుతూ వచ్చేసరికి, "వచ్చేశారుగా, పదండి" అని లేస్తారు. విశ్రాంతి అవసరం లేనివాళ్లకు విశ్రాంతి, అవసరమైనవాళ్లకు సున్నా. మూడోసారి ఇలా జరిగేసరికి వెనకపడిన మనిషి కాళ్ల కన్నా ముందు మనసు అలసిపోతుంది. తాను అందరికీ భారమయ్యానన్న బాధ మొదలవుతుంది, ఇక ఆ రోజు కొండ కనబడదు. మందు చిన్నదే: చివరి మనిషి వచ్చి కూర్చున్నాకే విరామం లెక్క మొదలవ్వాలి.

వేగంగా నడవగలిగిన వాళ్లకు ఇది మొదట్లో కష్టం. కాళ్లు ఉరకమంటాయి. ఆ ఉరుకును గంటల తరబడి ఆపుకుని మరొకరి అడుగుకు తన అడుగు కలపడంలో ఒక సాధన ఉంది. "నేను" అనేది కాసేపు పక్కకు తప్పుకుంటుంది. కొండ ఇచ్చే ఆధ్యాత్మిక ఫలం అని మేం అనేది ముఖ్యంగా దీన్నే.

స్నేహితుడు పక్కనుంటే కొండ కన్నుకే వేరుగా కనబడుతుందని 2008లో వెలువడిన ఒక మనస్తత్వ శాస్త్ర అధ్యయనం చెప్పింది. వాలు ఎంత నిటారుగా ఉందో అంచనా వేయమంటే, ఒంటరిగా నిలబడ్డవాళ్ల కన్నా స్నేహితుడితో నిలబడ్డవాళ్లు తక్కువ నిటారుగా ఉందన్నారు. పాత స్నేహమైతే ఆ తేడా ఇంకా ఎక్కువ.

బాగా నిటారైన చోట వేయాల్సిన అడుగు ఒకటుంది, జట్టంతా నేర్చుకోవాలి. ముందు కాలు పైమెట్టు మీద ఆనించాలి, బరువు ఇంకా దాని మీద వేయకూడదు. వెనక కాలి మోకాలు తిన్నగా నిలిపి ఒక్క క్షణం ఆగాలి. ఆ క్షణంలో ఒంటి బరువు కండరాల మీద కాక చాలావరకు ఎముకల మీద నిలుస్తుంది, ముందు కాలి తొడ సడలుతుంది. ఊపిరి వదలాలి. అప్పుడు బరువు ముందుకు మార్చి లేవాలి. చూడటానికి మరీ నత్తనడకలా ఉంటుంది, కానీ ఇలా నడిచేవాళ్లకు మాటిమాటికీ ఆగాల్సిన పని పడదు. ఇరవై నిమిషాలయ్యేసరికి ఊపిరీ అడుగూ ఒక్కటవుతాయి. వరసలో అందరిదీ అదే లయ అయితే వినబడేది బూట్ల కింద గులకరాళ్ల చప్పుడే. ధ్యానానికి కూర్చుని కుదరనివాళ్లకు సైతం ఇక్కడ కుదురుతుంది, ఎందుకంటే మనసు అటూఇటూ పోతే అడుగు తప్పుతుంది.

ఎక్కేదారిలో ఒక అరగంట మౌనం పెట్టుకోండి. ఎక్కడ మొదలు, ఎక్కడ ఆఖరు అన్నది ముందే అనుకోవాలి. ఫోన్లు సంచిలోకి వెళ్లాలి. మనిషికీ మనిషికీ ఐదారడుగుల ఎడం చాలు. ఎవరికైనా నలతగా ఉంటే, కాలు బెణికితే, దారి అనుమానంగా ఉంటే మౌనం అక్కడికక్కడే ఆపేయాలి. మొదటి పది నిమిషాలు బుర్రలో రొద ఆగదు, వదిలి వచ్చిన పనులన్నీ గుర్తుకొస్తాయి. తర్వాత గాలి, ఆకులు, ముందు మనిషి శ్వాస వినబడతాయి. మౌనం అయ్యాక వచ్చే మాటలు వేరేగా ఉంటాయి. ముఖాముఖి కూర్చుని చెప్పలేని సంగతులు ఒకరి వెనక ఒకరు నడుస్తున్నప్పుడు బయటికొస్తాయి, ఎదుటివాళ్ల కళ్లలోకి చూడాల్సిన ఇబ్బంది ఉండదు కనక. వినేవాళ్లు వెంటనే సలహా చెప్పకపోతే చాలు.

ఇక కాలం లెక్క. స్కాట్లండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లో చెప్పిన సూత్రం ఇప్పటికీ పనికొస్తుంది: 5 కిలోమీటర్ల దూరానికి ఒక గంట, పైకెక్కే ప్రతి 600 మీటర్లకూ ఇంకో గంట. రానూపోనూ 12 కిలోమీటర్లు, ఎక్కుడు 900 మీటర్లు అనుకుందాం. దూరానికి 2 గంటల 24 నిమిషాలు, ఎత్తుకు గంటన్నర, మొత్తం 4 గంటలకు కాస్త తక్కువ. ఇది ఆగకుండా నడిచే గట్టివాళ్ల లెక్క. జట్టు అన్నాక దీనికి సగం కలపాలి, అంటే దాదాపు 6 గంటలు. చీకటి పడే వేళ నుంచి వెనక్కి లెక్కగట్టి, ఏ గంటకు ఎక్కడున్నా సరే తిరిగి దిగిపోవాలో బయల్దేరకముందే అందరూ ఒప్పుకోవాలి. శిఖరం కళ్లెదుట కనబడుతుంటే "ఇంకొక్క పావుగంట" అనని జట్టు అరుదు. స్నేహాలు చెడేది, ప్రమాదాలు మొదలయ్యేది అక్కడే. కింద ప్రశాంతంగా ఉన్నప్పుడు చేసిన నిర్ణయానికే పైన కట్టుబడాలి. తలకు కట్టుకునే లైటు మాత్రం మనిషికొకటి, పగటి నడకే అయినా సరే.

పాదాల విషయంలో మొహమాటం వద్దు. మడమ దగ్గర చురుక్కుమనగానే ఆగాలి. బొబ్బ లేచాక కాదు, చర్మం ఎర్రబడి వేడెక్కినప్పుడే. బూటు విప్పి, పాదం తుడిచి ఆరనిచ్చి, ముడతలు పడకుండా టేపు అంటించి, తడిసిన సాక్సు మార్చి, మడమ వెనక్కి ఆనేలా లేసు బిగించి కట్టాలి. ఐదు నిమిషాల పని. నలుగురిని ఆపడమెందుకని ఓర్చుకున్న మనిషి సాయంత్రానికి కుంటుతాడు, అప్పుడు నలుగురూ రెండు గంటలు ఆలస్యమవుతారు. నీళ్లు మామూలు వాతావరణంలో గంటకు అర లీటరు చొప్పున పెట్టుకోండి, ఎండలో ఇంకా ఎక్కువ. పైకి పోయేకొద్దీ ప్రతి 1000 మీటర్లకూ సుమారు 6.5 డిగ్రీల సెల్సియస్ చల్లబడుతుంది. ఎక్కుతూ చెమటతో తడిసిన చొక్కా శిఖరం మీద గాలికి ఒంటిని వణికిస్తుంది. అందుకే బయల్దేరిన పావుగంటకే ఆగి పైబట్ట ఒకటి తీసేయాలి, పైకి చేరగానే పొడిబట్ట వేసుకోవాలి.

3000 మీటర్లు దాటే దారుల్లో స్నేహితుడి కన్నే మొదటి వైద్యం. ఆ ఎత్తులో గాలి పలచబడటం వల్ల వచ్చే తలనొప్పి, వికారం, ఆకలి లేకపోవడం వంటివి మనిషి తనంతట తాను చెప్పడు, జట్టును ఆపినవాడిగా మిగలడం ఇష్టముండదు. రోజుకు రెండుసార్లు ఒక్కొక్కరినీ పేరుపెట్టి అడగండి. లక్షణాలుంటే ఇంకా పైకి ఎక్కకూడదు. అడుగు తూలుతున్నా, మాట తికమకగా ఉన్నా, కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా వెంటనే కిందికి దించాలి, ఒంటరిగా మాత్రం పంపకూడదు. ఆ ఎత్తు దాటాక ముందు రాత్రి పడుకున్న చోటికన్నా 500 మీటర్లకు మించి పైన పడుకోకపోవడం మంచి పద్ధతి.

జట్టు విడిపోవాల్సిన సందర్భం ఒక్కటుంది. మెరుపుకీ ఉరుముకీ మధ్య 30 సెకన్లు కూడా లేకపోతే శిఖరం, గట్టు అంచు వదిలి కిందికి దిగాలి. దిగేటప్పుడు గుంపుగా కాక ఎడంగా నడవాలి, ఒక్క పిడుగు అందరినీ తాకకుండా. ఆఖరి ఉరుము తర్వాత అరగంట ఆగాలి. ఈల మనిషికొకటి ఉండాలి. పర్వతాల్లో ఆపద సంకేతం నిమిషంలో ఆరుసార్లు, ఒక నిమిషం ఆగి మళ్లీ ఆరుసార్లు. విన్నవాళ్ల జవాబు నిమిషంలో మూడుసార్లు.

శిఖరం చేరాక ముందు ఫొటోలు కాదు. సంచులు దించి, పొడిబట్ట వేసుకుని, పది నిమిషాలు ఊరికే కూర్చోండి. నడిచి వచ్చిన దారి కింద సన్నటి గీతలా కనబడుతుంది. మనం ఎంత చిన్నవాళ్లమో తెలిసిరావడం అక్కడ భయం కలిగించదు, తేలిక కలిగిస్తుంది. పక్కన అంతే చిన్నవాళ్లు ఇంకో ముగ్గురు ఉండటం వల్ల కావచ్చు.

దిగుడును చులకనగా చూడొద్దు. ఒంట్లో అలసట ఉంటుంది, పని అయిపోయిందన్న ధీమాతో చూపు దారి మీద ఉండదు. బూటు ముందుభాగానికి వేళ్లు తగలకుండా లేసులు మళ్లీ బిగించాలి. గోళ్లు ఇంటి దగ్గరే కత్తిరించుకుని రావాలి. చేతికర్రల పొడవు కాస్త పెంచాలి, మోకాళ్లు కొద్దిగా వంచి చిన్న అడుగులు వేయాలి. దిగేటప్పుడు తొడ కండరాలు సాగుతూనే బరువును ఆపుతాయి. నొప్పి మర్నాటి నుంచి మూడో రోజు దాకా ఉండేది అందుకే. ఆ రెండు రోజులు మెట్లు దిగుతున్నప్పుడల్లా మిగతా ముగ్గురూ గుర్తొస్తారు. ఫోన్ చేసి అందరి కాళ్లూ ఎలా ఉన్నాయో కనుక్కోండి. తర్వాత ఎక్కబోయే కొండను ఎంచే పని మాత్రం ఈసారి వరసలో ముందు నడిచిన ఆ నెమ్మదైన మనిషికే ఇవ్వండి.