నది వంపు, టీ కప్పు

నిన్న నది వంపు దగ్గర ఓ గంట ఊరికే కూర్చున్నాను. నేనున్న వైపు మెత్తటి ఇసుక, మోకాలి లోతు నీళ్లు. అవతలి గట్టు మాత్రం కత్తితో కోసినట్టు నిటారుగా ఉంది. చూస్తుండగానే గుమ్మడికాయంత మట్టిపెళ్ల ఒకటి దబ్బున నీళ్లలో పడింది. ఆ గట్టు పైన ఓ చెట్టు, సగం వేళ్లు గాల్లోనే. చూస్తే నాకే టెన్షన్!

వంపు బయటి వైపు నీటి వేగం ఎక్కువ, అందుకే గట్టు కోసుకుపోతుంది. అంతవరకు బడిలో చదివిందే. మరి ఇసుక లోపలి వైపుకే ఎందుకు చేరుతుంది? 1926లో ఐన్‌స్టీన్ దీన్ని టీ కప్పుతో వివరించాడు (అవును, ఆ ఐన్‌స్టీనే). చెంచాతో గిర్రున తిప్పి వదిలేస్తే టీ ఆకులు అంచులకు పోవు, అడుగున మధ్యలో పోగవుతాయి. అడుగున రాపిడికి నీరు నెమ్మదిస్తుంది, బయటికి తోసే బలం తగ్గుతుంది, దాంతో అక్కడి నీరు లోపలికి మళ్లుతుంది. నదిలోనూ అంతే. పైనీరు బయటి గట్టుకేసి పోతుంటే, అడుగునీరు ఇసుకను ఇవతలికి ఈడ్చుకొస్తుంది.

ఇంటికొచ్చి గ్లాసు నీళ్లలో చిటికెడు టీ పొడి వేసి తిప్పాను. నిజంగానే మధ్యలో చిన్న కుప్ప! నమ్మకం కుదరక మళ్లీ రెండుసార్లు తిప్పాను.

ఆ చెట్టు మాత్రం ఈ వానాకాలం దాటేలా లేదు.