తొట్టిలో తోకపురుగులు

వానలు మొదలైన నాటి నుండి మా వీధివారు పొద్దుగూకగానే తలుపులు బిగించుకుంటున్నారు గాని, డెంగీని మోసే ఏడిస్ దోమ పగటిపూటే ఎక్కువగా కుడుతుందన్న సంగతి చాలామందికి పట్టడం లేదు. అది మనం నిలవ చేసుకున్న మంచినీటిలోనే పెరుగుతుంది. మొన్న మా పెరటి సిమెంటు తొట్టిలోకి టార్చి వేసి చూస్తే, వెలుతురు పడగానే మెలికలు తిరుగుతూ అడుగుకు జారిపోయే తోకపురుగులు, అంటే దోమ పిల్లలు, కనిపించాయి. వీధి శుభ్రత గురించి అందరికీ ఉపన్యాసాలిచ్చేది నేనే మరి! గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులు పడుతుంది కనుకనే ఆరోగ్య కార్యకర్తలు వారానికొకసారి డ్రై డే, అంటే నీళ్ల తొట్లూ పాత్రలూ ఖాళీ చేసి ఆరబెట్టే రోజు, పాటించమంటారు. నీళ్లు పారబోస్తే చాలదు. గోడకు అంటుకున్న గుడ్లు ఎండినా నెలల తరబడి బతికి ఉంటాయి కాబట్టి కొబ్బరి పీచుతో గట్టిగా తోమవలసిందే. రోజు విడిచి రోజు నీళ్లొచ్చే చోట ఇది తేలిక కాదు. మేము పాత పంచెను మూతగా బిగించి కట్టాము.