మూతి వంకర

కార్తీకమాసంలో ఒక పొద్దున పళ్ళు తోముకుని పుక్కిలిస్తుంటే నీళ్ళు ఎడమ మూల నుంచి చొక్కా మీదికి కారిపోయాయి. అద్దంలో చూసుకుంటే మూతి కుడివైపుకు లాగేసి ఉంది. ఎడమ కన్ను మూసినా మూతపడటం లేదు. పక్షవాతమే అనుకున్నాను. విజయవాడ సూర్యారావుపేటలో న్యూరాలజిస్టు ముందు కూర్చునేసరికి కాళ్ళూ చేతులూ బాగానే ఆడుతున్నాయి గానీ గుండె మాత్రం ఆగేలా ఉంది.

ఆయన కనుబొమ్మలు ఎత్తమన్నాడు. ఎడమది లేవలేదు. దానికి ఆయన తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు! మెదడులో స్ట్రోక్ వస్తే మామూలుగా ముఖంలో కింది భాగమే పడిపోతుందట, నుదురు కదులుతుందట. నాకు నుదురు కూడా కదలడం లేదు కాబట్టి ఇది బెల్స్ పాల్సీ. ముఖాన్ని కదిలించే 7వ కపాల నాడి చెవి వెనక ఎముకలోని సన్నటి దారిలో వాచి, అక్కడే నలిగిపోతుంది. 72 గంటల లోపు స్టెరాయిడ్ మొదలుపెడితే మంచిదని రాసిచ్చాడు. కంట్లో చుక్కలు, రాత్రి కంటికి టేపు. ఎక్కువమందికి కొన్ని వారాల్లోనో నెలల్లోనో తగ్గిపోతుందన్నాడు.

"ఏం చేస్తుంటారు?"

"ఫ్లూట్ వాయిస్తాను."

రాస్తున్న పెన్ను ఒక్క క్షణం ఆగింది. ఆ ఆగడం నాకు మందుల చీటీ కంటే ఎక్కువ చెప్పింది.

వేణువు వేళ్ళతో వాయించేదని చూసేవాళ్ళు అనుకుంటారు. అసలు పని పెదవులది. రెండు పెదవుల మధ్య సన్నటి సందు, అందులోంచి వెళ్ళే గాలి అంచుకు తగిలే కోణం, అంతే. పై స్థాయికి వెళ్ళేకొద్దీ పెదవి బిగించాలి. నేను బిగిస్తే గాలి ఎడమ మూల నుంచి ఫుస్సుమంటోంది. షడ్జం కూడా పలకలేదు.

దీనికి తోడు చెవి. పెద్ద శబ్దాలను కాస్త అణిచిపెట్టే చిన్న కండరం ఒకటి చెవిలో ఉంటుంది, దానికీ ఈ నాడే దిక్కు. కింద పోర్షన్‌లో కుక్కర్ కూత వేస్తే ఎడమ చెవిలో ఎవరో మేకు కొట్టినట్టుండేది. శ్రుతిపెట్టె కూడా భరించలేకపోయాను. ఒకప్పుడు మా సత్యనారాయణపురం నడిమధ్య నుంచి రైళ్ళు పోయేవి. పట్టాలు తీసేసి రోడ్డు వేశారు కాబట్టి బతికిపోయాను.

నిజానికి మూతి వంకర పోకముందే నేను మనుషులకు దూరమయ్యాను. 2020లో కచేరీలు ఆగిపోయాక, ఇంట్లోనే మైకు పెట్టుకుని సినిమా వాళ్ళకూ భక్తి ఆల్బమ్‌ల వాళ్ళకూ బిట్లు వాయించి వాట్సాప్‌లో పంపడం అలవాటైంది. డబ్బులు ఫోన్‌లోకి, కూరగాయలు గుమ్మంలోకి వచ్చేవి. పక్కవాద్యం వాళ్ళతో పేచీ లేదు, సభల వాళ్ళ మొహమాటం లేదు. హాయిగానే ఉండేది, అబద్ధం ఎందుకు. జబ్బు వచ్చాక ఆ తలుపుకు గొళ్ళెం కూడా పడింది. ఫిజియోథెరపిస్టు చెప్పినట్టు అద్దం ముందు కూర్చుని "ప, బ, మ, ఊ, ఈ" అనుకునేవాణ్ణి. గట్టిగా లాగకండి, మెల్లగా చెయ్యండి అందావిడ. మెల్లగానే చేశాను. అద్దంలో వాడు ఏమాత్రం సహకరించలేదు.

ఇంటి ఓనరు మామ్మగారు రోజూ పైకొచ్చి మెత్తటి ఉప్మా పెట్టి, "కుడి పక్కన నములు నాయనా" అని అక్కడే నిలబడేది. ధనుర్మాసం రాగానే, "తెల్లారగట్ల గుళ్ళో తిరుప్పావైకి రా" అంది. ఊదలేనని చెబితే, "ఊదమన్నదెవరు? మా వాళ్ళకు తాళం నిలవదు. తాళాలు పట్టుకుని కూర్చో చాలు. మూతికి మఫ్లర్ చుట్టుకో, చలికి అందరూ చుట్టుకునేదే" అంది. ఆ మఫ్లర్ మాటే నన్ను మెట్లు దింపింది.

వాళ్ళకు నిజంగానే తాళం నిలవదు. అందరూ విజయవాడ రేడియోలో భక్తిరంజని విని పాటలు పట్టుకున్నవాళ్ళు. మంగళంపల్లి వారు సంగీత కళాశాల ప్రిన్సిపాల్‌గా ఉన్న ఊరు మాది అని ఛాతీ విరుచుకునేవాళ్ళు, పల్లవి పూర్తయ్యేలోపు కాలాన్ని బెజవాడ నుంచి గుంటూరుకు చేర్చేవాళ్ళు. డోలక్ వాయించేది రిటైరైన ఆర్టీసీ కండక్టరు. నన్ను గురువుగారూ అనేవాడు. నా మూతి గురించి ఎవరూ ఏమీ అడగలేదు. బీపీలు, మోకాళ్ళు, శుక్లాల ఆపరేషన్లు ఉన్న సభలో వంకర మూతికి ఏం గౌరవం?

ఒకరోజు ఆడవాళ్ళు ఒక చరణం మొత్తం ఎగరగొట్టి మంగళహారతిలోకి దూకేశారు. కండక్టరు డోలక్ మీద ఒక్క దెబ్బ వేసి "హోల్డాన్!" అని అరిచాడు. పూజారి గారు హారతి పళ్ళెంతో సహా ఆగిపోయారు. అందరం పడీ పడీ నవ్వాం. నా మఫ్లర్ జారింది. మామ్మగారు నా గడ్డం పట్టుకుని దీపం వైపు తిప్పి, "ఇదిగో, కదిలింది! మళ్ళీ నవ్వు" అంది. ఎడమ మూల బియ్యపు గింజంత పైకి లేచిందట. అద్దం ముందు ఎన్నడూ లేవనిది. నాడి కోలుకునే వేళ అయ్యుంటుంది, డాక్టరూ అదే అన్నాడు. కానీ ఒంటరిగా కూర్చున్నవాడి ముఖానికి కదలడానికి పనేం ఉంటుందని నాకు ఇప్పటికీ అనుమానమే.

అన్నాళ్ళూ ఎడమవైపు రుచి తెలియని నాలుకకు సంక్రాంతికి చక్రపొంగలి తీపి రెండు వైపులా తెలిసింది. ఆ తర్వాత మంద్రం పలికింది, తార షడ్జానికి ఇంకా చాలా రోజులు పట్టింది.

శ్రీరామనవమి పందిట్లో ఆ బృందంతోనే కూర్చుని వాయించాను. మైకు గరగరలాడింది, పానకం గ్లాసులు దొర్లాయి. ఒక్కటే మిగిలింది. నాడి మళ్ళీ పెరిగేటప్పుడు కొన్ని పోగులు దారి తప్పి వేరే కండరానికి చేరతాయట. అందుకని పై స్థాయికి పెదవి బిగించినప్పుడల్లా నా ఎడమ కన్ను దానంతటదే మూసుకుంటోంది.

"గురువుగారూ, ముందు వరసంతా ఆడవాళ్ళే. ఆ కన్ను కొట్టడం ఆపండి" అన్నాడు కండక్టరు డోలక్ ఆపకుండానే.

"నువ్వు ఊరుకో" అంది మామ్మగారు. "ఈ వయసులో మాకు ఇంకెవరు కొడతారు? వాయించు నాయనా."