సెమికోలన్ సార్, బాబాయ్ హెడరు

ఫ్రెషర్స్ డే గురించి బుల్లెట్ రాస్తున్నాడట, టూర్ గురించి లేడీస్ హాస్టల్ వాళ్లు రాస్తున్నారట. మన కాలేజీ జ్ఞాపకాల్లో మిగిలిందేదైనా ఒక పేజీలో రాసిమ్మని కమిటీ అడిగింది. నాకు మిగిలింది మనకు సీ ల్యాబ్ చెప్పిన సెమికోలన్ సార్. అంతకంటే ఏం కావాలి!

మన క్లాసు బాబాయ్ రాసిన హెడరు, అంటే ప్రోగ్రాముల్లో కలుపుకునే చిన్న ఫైలు, ఎవరూ మరిచిపోయి ఉండరు. రెండే లైన్లు: షరతు నిజమైతే ఒకసారి చేయమనే ‘ఇఫ్’ని, నిజంగా ఉన్నంతసేపూ చేస్తూనే ఉండమనే ‘వైల్’గా మార్చే హాష్ డిఫైన్ (ఒక మాట బదులు ఇంకో మాట పెట్టమనే ఆదేశం) ఒకటి, ‘వైల్’ని ‘ఇఫ్’గా మార్చేది ఇంకొకటి. ల్యాబ్‌లో అందరి ప్రోగ్రాముల్లోకీ దాన్ని ఎక్కించి, ఇక అన్నీ తలకిందులవుతాయని కాచుక్కూర్చున్నాడు. ఏమీ కాలేదు. అన్నీ మామూలుగానే నడిచాయి.

సార్ తిడతారనుకున్నాం. ఆయన కుర్చీ లాక్కుని, ‘‘ఎందుకు పనిచేయలేదో చెప్పండి, ఇంటర్నల్స్‌లో పూర్తి మార్కులేస్తా’’ అన్నారు. క్యాంటీన్ మూసేదాకా ఎవరూ కదల్లేదు. ప్రోగ్రామును యంత్రభాషలోకి మార్చే కంపైలర్ చూడకముందే, దానికి ముందు నడిచే ప్రీప్రాసెసర్ మాట మార్చేస్తుంది, మార్చినదాన్ని మళ్లీ చదువుతుంది. ఇఫ్ కాస్తా వైల్ అవుతుంది, ఆ వైల్ మళ్లీ ఇఫ్ అవుతుంది. ఒక పేరు తన విస్తరణలోనే తిరిగి వస్తే దాన్నిక ముట్టుకోకూడదని సీ భాషకు 1989లో వచ్చిన ఆన్సీ ప్రమాణం చెబుతుంది కాబట్టి అక్కడితో ఆగుతుంది. తర్వాత రెండో లైను తీయించి చూపించారు. ‘లేకపోతే’ అనే ఎల్స్ ఇఫ్‌కే జత కాబట్టి, అది ఉన్నవి కంపైలే కాలేదు, లేనివాటిలో కొన్ని ఆగకుండా తిరుగుతూనే ఉన్నాయి. బాబాయ్ మొహం వెలిగిపోయింది.

ఆ ఊపులోనే సార్ స్టీఫెన్ బోర్న్ సంగతి చెప్పారు. మనం టైపు చేసే ఆదేశాల్ని నడిపే తన యూనిక్స్ షెల్‌ని ఇలాంటి హాష్ డిఫైన్ మాక్రోలతోనే, ఆల్గాల్ అనే పాత భాషలా కనిపించే సీలో రాశాడట. 1984లో అర్థంకాని సీ ప్రోగ్రాముల పోటీ పుట్టడానికి అదీ ఒక ప్రేరణ. 1972లో ప్రిన్స్‌టన్‌లో ఇద్దరు విద్యార్థులు సరదాకి కట్టిన ఇంటర్‌కాల్ అనే ప్రోగ్రామింగ్ భాష గురించి విన్నదీ అప్పుడే. ‘ప్లీజ్’ తక్కువైతే మర్యాద చాలదంటుంది, ఎక్కువైతే అతి అంటుంది. మెస్‌లో మన ‘ప్లీజ్ ఎక్కువైంది’ అక్కణ్నుంచి వచ్చిందే కదా!

ఇప్పుడు నేను ఒక సీ కంపైలర్ బృందంలో ప్రీప్రాసెసర్ పని చూస్తున్నాను. ప్రతి విడుదలకు ముందు నడిపే పరీక్షల్లో బాబాయ్ రెండు లైన్లూ ఉన్నాయి, నేనే పెట్టాను. మొన్న సార్‌కి ఫోన్ చేసి చెప్పాను. ఏ ఊరు, ఎంత జీతం అని అడగలేదు. ‘‘ఫర్ కూడా కలిపి మూడు మాటలతో తిప్పి చూశావా?’’ అన్నారు.

చూశాను సార్. అదీ ఇఫ్ దగ్గరికే తిరిగొచ్చింది.